వెలుతురు సర్దిన పెళ్లి ఫోటోలు

మాస్టారితో వచ్చిన చిక్కేమిటంటే, ఆయన కంట పడ్డ దేన్నీ ఉన్నదున్నట్టు ఉండనివ్వరు. జీవితమంతా ఫోటో స్టూడియో నడిపిన చెయ్యి. అందులోనూ టచింగ్ పనిలో ఆయనకు పెద్ద పేరు. మొటిమలు, మచ్చలు, ఎగుడుదిగుడు పళ్లు ఆయన చీకటిగదిలోకి వెళ్లడమే గాని తిరిగి బయటికి వచ్చిన దాఖలా లేదు. స్టూడియో మూసేసి, కంప్యూటరును ఇంట్లో చిన్నగదిలో పెట్టుకున్నాక ఆ జబ్బు ఇంట్లోకి పాకింది. పక్కింటివాళ్లు తమ కుక్కపిల్ల ఫోటో ప్రింటు తీసిపెట్టమని ఇస్తే, దాని చెవులు రెండూ సమానంగా లేవని సరిచేసి ఇచ్చారు. పాపం, వాళ్లు ఆ సాయంత్రమంతా కుక్కపిల్లను ఒళ్లో కూచోబెట్టుకుని ఇది మనదేనా అని చూసుకున్నారు. ఎవరేమని అడిగినా మాస్టారిది ఒకటే సమాధానం. "నేనేం మార్చలేదు. కాస్త వెలుతురు సర్దాను."

ఆ వెలుతురు సంగతి ఇల్లాలికి బాగా తెలుసు. పెళ్లి ఫోటోలో తనకున్న ముక్కు ఈ జన్మలో తన ముఖం మీద ఎప్పుడూ లేదు.

ఆ రోజు పొద్దున్న ఇల్లాలి పథకం చాలా చిన్నది. టీ తాగడం, అల్లుడి వీసా ఫైలుకు కావలసిన ఫోటోలు ఏరడం, భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చడం. అమ్మాయి నర్సు. పరాయి దేశంలో, పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం. విమానం ఎక్కేటప్పుడు తెలియని శుభవార్త దిగాక తెలిసింది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. భార్య దగ్గరికి వెళ్లడానికి అల్లుడు భర్త హోదాలో వీసాకు పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఇంటర్వ్యూ. అది బెడిసికొడితే, మళ్లీ తేదీ దొరికేసరికి బిడ్డ పుట్టి, బోర్లా పడి, పాకుతూ వచ్చి తలుపు తీస్తుంది.

అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఏ తీగ ఎక్కడికి పోతుందో చీటీ అంటించి పెట్టుకునే మనిషి. భోజనాల బల్ల మీద ఫైలు పరిచి, కాగితానికొక రంగు చీటీ అంటిస్తూ కూచున్నాడు.

"పెళ్లి సర్టిఫికెట్ ఉంది అత్తయ్యా. మేం అద్దెకున్న ఇంటి కాగితాలున్నాయి. ఇద్దరి పేరు మీదున్న బ్యాంకు ఖాతా ఉంది. ఇక పెళ్లినాటి నుంచీ ఇద్దరం కలిసున్న ఫోటోలు పెడితే అయిపోయినట్టే."

"ఫోటోలకేం బాబూ," అంది ఇల్లాలు ఆల్బం దించుతూ. "ఈ ఇంటి బీరువాలో బట్టలకంటే అవే ఎక్కువ."

ఆల్బం తెరిచి మొదటి పేజీ తిప్పింది. దాని పక్కనే అల్లుడి పాస్‌పోర్టు తెరిచి ఉంది. పాస్‌పోర్టులో ఉన్న మనిషి తల నున్నగా, తడి గుడ్డతో తుడిచిన పళ్లెంలా ఉంది. చెవుల మీద మాత్రం మర్యాదకు కాస్త నలుపు. ఆల్బంలో పెళ్లికొడుకుకు ఒత్తయిన జుట్టు అలలు అలలుగా నుదుటి మీదికి జారుతోంది. మధ్యలో ఒక పాయ గాలికి లేచినట్టు కూడా ఉంది. పెళ్లి జరిగింది తలుపులన్నీ మూసిన ఏసీ హాల్లో.

ఇల్లాలు ఆల్బంలోకి ఒకసారి, పాస్‌పోర్టులోకి ఒకసారి చూసింది. నిజానికి ఆల్బం ఇంటికి వచ్చిన రోజే అందరూ చూశారు. అందరూ "బాగుంది" అన్నారు. ఆ పైన ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మర్యాదస్తుల ఇల్లు.

"ఏమండీ," అని పిలిచింది ఇల్లాలు. "ఒకసారి ఇలా వచ్చి, మీ అల్లుళ్లిద్దరినీ పరిచయం చేసి వెళ్లండి."

మాస్టారు వచ్చి, కళ్లజోడు సవరించుకుని చూశారు. "అదా. ఆ రోజు హాల్లో వెలుతురు బాగాలేదు."

"వెలుతురు బాగాలేకపోతే జుట్టు మొలుస్తుందా?"

"నెత్తి మీద లైటు పడి ఒకటే మెరుపు. పక్కనున్న మన పిల్ల ముఖం కనపడితేగా. ఆ మెరుపు కాస్త తగ్గించాను."

"తగ్గించడమే కాదు, నూనె రాసి దువ్వారు కూడా. సరే, మార్చకముందువి ఎక్కడున్నాయి?"

"తప్పులున్న కాపీ ఇంట్లో ఉంచుకుంటే ఎప్పటికైనా అదే బయటికొస్తుంది. అన్నీ తీసేశాను," అన్నారు మాస్టారు, ఇల్లు శుభ్రం చేసినవాడి తృప్తితో.

"పోనీ నా ఫోన్‌లో చూద్దాం అత్తయ్యా," అని అల్లుడు ఫోన్ తీశాడు. పార్కులో ఇద్దరూ ఉన్నారు, అల్లుడి తల మీద టోపీ. సముద్రం ఒడ్డున ఉన్నారు, టోపీ. పుట్టినరోజు కేకు ముందు ఉన్నారు, కొత్త టోపీ. ఇంట్లో సోఫాలో కూచున్నారు, ఉన్ని టోపీ.

"ఇంట్లో ఉన్ని టోపీ ఎందుకు బాబూ?"

"జలుబు చేసింది అత్తయ్యా."

"పక్కన మా అమ్మాయి విసనకర్రతో విసురుకుంటోంది కదా?"

"ఎండాకాలం జలుబు," అన్నాడు అల్లుడు, నేల చూపులు చూస్తూ. మిగిలిన ఒక్క ఫోటోలో పనిలో పెట్టుకునే హెల్మెట్ ఉంది. తల స్పష్టంగా కనపడాలి, టోపీలు పనికిరావు అని వీసావాళ్ల సూచనల్లో అచ్చేసి మరీ ఉంది.

ఇల్లాలు బల్ల మీద రెండు చేతులూ ఆనించి పరిస్థితి తేల్చి చెప్పింది. "ఆల్బంలో ఒకడు, పాస్‌పోర్టులో ఇంకొకడు. ఎవరినో పెళ్లాడి, ఎవరినో మొగుడని రప్పించుకుంటోందనుకుంటారు. వీసా మాట దేవుడెరుగు, పిల్ల ఉద్యోగానికే ఎసరు."

"దీనికింత గాభరా దేనికి?" అన్నారు మాస్టారు. "పెట్టినవాణ్ని, తీయలేనా?" అని చిన్నగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

చాలాసేపటికి ఒక ప్రింటుతో బయటికి వచ్చారు. తీయడమైతే తీశారు. మొత్తం తీశారు. చెవుల మీద ఉండాల్సిన నలుపు కూడా పోయింది. ఊపులో కనుబొమలు పలచబడ్డాయి. జుట్టు తీసిన చోట నుదురు ఖాళీగా ఉందని, చూడ్డానికి నిండుగా ఉంటుందని రెండు ముడతలు కూడా పెట్టారు.

అల్లుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మామయ్యా, ఇందులో నేను మీకు అన్నయ్యలా ఉన్నాను."

"పెళ్లినాడు అసలు లేదు, తర్వాత తీయించుకున్న పాస్‌పోర్టులో కాస్త ఉంది," అంది ఇల్లాలు. "లోకంలో అందరికీ రాలుతుంటే ఈయనొక్కడికే మొలుస్తోందా అని అడగరూ? ఆ మందేదో మాక్కూడా చెప్పమంటారు. అవతల పడేయండి దాన్ని. ఇక ఈ ఫైల్లోకి మీరు వేలు పెట్టిన ఫోటో ఒక్కటీ పోదు."

అప్పుడు ఆవిడకు ఒక ఆలోచన తట్టింది. ఆలోచన మంచిదే. పెళ్లికి వచ్చినవాళ్లందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, వాళ్లు తీసినవి ఉంటాయి కదా. పొయ్యి మీద కూర అడుగంటుతోంది, అవతల కుక్కరు గోలపెడుతోంది. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఆవిడ తన పుట్టింటివాళ్ల గ్రూపులో గబగబా ఇలా పెట్టింది. "అల్లుడి బట్టతల బాగా కనపడే పెళ్లి ఫోటోలు ఎవరి దగ్గర ఉన్నా వెంటనే పంపండి. రేపు పొద్దున్నే ఆఫీసరుకు చూపించాలి. ఇది అమ్మాయి కాపురానికి సంబంధించిన విషయం. వాళ్ల అమ్మగారికి మాత్రం తెలియనివ్వకండి."

వియ్యపురాలి మనసు నొచ్చుకోకూడదన్న మంచి ఉద్దేశంతోనే ఆవిడ ఆ చివరి ముక్క రాసింది. కాని దాన్ని మొదట చదివింది ఆవిడ చెల్లెలు. చుట్టాలంతా ఆ చెల్లెల్ని హైకోర్టు అంటారు. ఎదుటివాళ్లు విషయం చెప్పడం మొదలుపెట్టగానే ఆవిడ తీర్పు చెప్పేస్తుంది, దాని మీద ఇక అప్పీలు ఉండదు.

"అక్కా," అని ఫోన్ చేసింది హైకోర్టు. "నాకు ముందునుంచీ అనుమానంగానే ఉంది. పిల్ల బాగా కుంగిపోయిందా?"

"కుంగిపోకుండా ఎలా ఉంటుందే, ఒక్కతే అక్కడ. నీ దగ్గర ఫోటోలున్నాయా లేవా?"

"లేకేం. ఆ రోజు నేను వేదిక వెనకే ఉన్నాను. వెనకనుంచి బ్రహ్మాండంగా పడింది. లాయరు గట్టివాడేనా?"

"లాయరెందుకే, ఫైలంతా అబ్బాయే తయారుచేసుకుంటున్నాడు."

అవతల హైకోర్టు తీర్పు కాస్త సవరించుకుంది. "తన మీద ఫైలు తనే తయారుచేసుకుంటున్నాడా? ఎంత మంచివాడక్కా. అలాంటివాణ్ని వదులుకోవడం..." ఇంతలో కుక్కరు కూసింది. ఇల్లాలు ఫోన్ పెట్టేసింది.

భోజనాలయ్యేసరికి గ్రూపులో ఫోటోలు రావడం మొదలైంది. ఫోటోలతోపాటు మాటలు కూడా వచ్చాయి. "ధైర్యంగా ఉండండి." "ఈ రోజుల్లో ఇది మామూలే." "పుట్టబోయే బిడ్డ కోసమైనా ఒకసారి ఆలోచించాల్సింది." ఒక పెదనాన్న ఎవరికీ అర్థంకాకుండా చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టాడు. వీసా కోసం మనవాళ్లు ఎంత తల్లడిల్లుతున్నారో అని ఇల్లాలి కళ్లు చెమర్చాయి. "అందరి ఆశీస్సులూ ఉండాలి. రేపటితో పీడ వదిలిపోతుంది," అని జవాబు పెట్టింది.

తెలియనివ్వకండి అన్న కబురు ఎంత వేగంగా పోవాలో అంత వేగంగానూ పోయింది. మధ్యాహ్నం ఇల్లాలు నడుం వాల్చబోతుండగా గేటు చప్పుడైంది. వియ్యపురాలు. చంకలో ఒక పాత ఆల్బం. వెనకాల, భుజాన తువ్వాలు కూడా తీయకుండా, మంగలి షాపాయన.

"ఏం వదినగారూ," అంది వియ్యపురాలు గుమ్మంలోనే నిలబడి. "మావాడికి జుట్టు లేదన్న సంగతి మీకు ఇప్పుడు గుర్తొచ్చిందా? అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు?"

"లోపలికి రండి వదినగారూ, కూచుని..."

"కూచోను. మావాణ్ని జుట్టు చూసి చేసుకున్నారా, గుణం చూసి చేసుకున్నారా? పోనీ జుట్టే చూసి చేసుకున్నారనుకుందాం. అదైనా మేం దాచామా? ఇదిగో చూడండి." చంకలోని ఆల్బం తెరిచింది. అందులో అల్లుడు నిక్కరు వేసుకుని, తల మీద పొదలాంటి జుట్టుతో బిక్కముఖం వేసి ఉన్నాడు. "పెళ్లినాటిక్కూడా ఉంది. ఎందుకు రాలిందో మీ ఇంటి నీళ్లనడగండి. కావాలంటే సాక్షిని తెచ్చాను. చెప్పవయ్యా, పెళ్లినాటికి మావాడికి జుట్టుందా లేదా?"

మంగలి తువ్వాలు చేతిలోకి తీసుకుని మడతపెట్టడం మొదలుపెట్టాడు. "అమ్మా, బేరానికొచ్చినవాణ్ని మధ్యలో వదిలేయించి నన్ను తెచ్చారు. ఉన్నమాట చెప్పమంటారా, మీరు దార్లో చెప్పమన్నమాట చెప్పమంటారా?"

"ఉన్నమాటే చెప్పు. భయమేంటి?"

"పెళ్లికి చాలా ముందే పోయిందమ్మా. బాబు చిన్నబుచ్చుకుంటాడని నెత్తి మీద ఉత్తినే కత్తెర ఆడించేవాణ్ని. చప్పుడు వినపడితే మనిషికి కాస్త ధైర్యంగా ఉంటుంది కదా."

అల్లుడు ఫైలు మీదనుంచి తల ఎత్తాడు. "అంటే ఇన్నాళ్లూ నువ్వు నాకు..."

"చెవుల దగ్గర నిజంగానే కత్తిరించాను బాబూ. ఒట్టు."

సాక్షి ఎదురుతిరగడంతో వియ్యపురాలు ఒక్కక్షణం తడబడింది. అంతలో ఆవిడ చూపు బల్ల మీద తెరిచి ఉన్న పెళ్లి ఆల్బం మీద పడింది. అలలు అలలుగా జారుతున్న జుట్టు కనపడింది. ఆవిడ ఒక్క అంగలో వెళ్లి దాన్ని లాక్కుని గుండెలకు అదుముకుంది. "ఇదిగో, ఇదేంటి మరి? మీ ఇంటి ఆల్బం, మీ ఆయన తీసిన ఫోటోలు. ఇంకేం కావాలి సాక్ష్యం? ఇది నేను ఏ ఆఫీసరు ముందైనా పెడతాను."

"అదొక్కటీ పెట్టకండి వదినగారూ, మీకు పుణ్యముంటుంది," అంది ఇల్లాలు నీరసంగా. "అసలు మనం ఏ ఆఫీసరు గురించి మాట్లాడుకుంటున్నాం?"

"విడాకుల ఆఫీసరు."

"విడాకులెవరికి?"

వియ్యపురాలు నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. అమ్మాయి. ఇల్లాలు కంగారులో నొక్కితే, అందరికీ వినపడే మీట నొక్కుకుంది.

"అమ్మా, నేను విడాకులు తీసుకుంటున్నానట కదా," అంది అమ్మాయి, పేషెంటును రాత్రి నిద్ర పట్టిందా అని అడిగే గొంతుతో. "డ్యూటీ మధ్యలో వచ్చాను. కాస్త తొందరగా చెప్పు. ఇప్పటికి ముగ్గురు ఓదార్చారు. పిన్నయితే ఇంకో సంబంధం కూడా చూసి ఉంచానంది. వాడికి జుట్టు మెడ దాకా ఉందట."

ఇల్లాలు తల కొట్టుకుంది. "విడాకులు కాదే తల్లీ, వీసా. వీసా ఫైలుకు ఫోటోలడిగాను. ఆల్బంలో మీ ఆయనకు జుట్టుంది, పాస్‌పోర్టులో లేదు. అసలు ఫోటోలు కావాలి కదా అని."

"ఆహా. చివరికి ఆ జుట్టు దగ్గరికే వచ్చిందా?" అంది అమ్మాయి. "ఆయనున్నాడా అక్కడ?"

"ఉన్నాను," అన్నాడు అల్లుడు దూరంనుంచి.

"ఇప్పుడైనా అడగనా? ఆ జుట్టు పెట్టించుకోవాలని నీకెందుకనిపించింది? నీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఇన్నాళ్లూ అడగలేదు."

అల్లుడు లేచి నిలబడ్డాడు. "నేను పెట్టించుకోవడమేంటి? నువ్వే మామయ్యకు చెప్పి పెట్టించావనుకున్నా. నా తల నీకు నామోషీ అనుకున్నా. అందుకేగా ఎక్కడికెళ్లినా టోపీ."

"నేనా? నువ్వు టోపీ తీయకపోతే, అదంటే నీకు ప్రాణమేమో అనుకుని కనపడ్డ టోపీ అల్లా కొన్నాను. ఆ ఉన్నిది చేత్తో అల్లాను కూడా."

"అది గుచ్చుకుంటుంది."

"మరి చెప్పచ్చుగా."

"నువ్వు అల్లావు కదా."

ఫోన్‌లో అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకుని నవ్వలేక, ఆపలేక, ఆయాసపడుతూ నవ్వింది. "నేను పెళ్లిచూపుల్లో మొదట చూసింది ఆ తలనే. లోకంలో ఇంత నిజాయితీగా ఉన్న మనిషి ఇంకొకడు దొరకడనుకున్నా. టోపీలన్నీ పారేసి, తల ఒక్కటి తీసుకుని రా," అని డ్యూటీకి వెళ్లిపోయింది.

వియ్యపురాలు మెల్లగా ఆల్బం బల్ల మీద పెట్టింది. "వీసా అన్న ముక్క ముందే చెప్పచ్చు కదా వదినగారూ. ఊరికే ఈయన చేత షాపు మూయించాను." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు, "అయితే మా హాల్లో తగిలించుకున్న పెద్ద ఫోటో... రోజూ దాన్ని చూసీ చూసీ పెళ్లినాటికి జుట్టుందనే నమ్మేశాను. అందులో ఉన్నది కూడా...?"

"అది కూడా వెలుతురే వదినగారూ."

అప్పుడు అందరి తలలూ ఒకేసారి చిన్నగది వైపు తిరిగాయి. గుమ్మంలో మాస్టారు నిలబడి ఉన్నారు. "ఎవరికైనా టీ కావాలా?" అన్నారు. కాపురం మొదలైన నాటినుంచీ ఆయన నోట ఎవరూ వినని మాట అది. మళ్లీ తనే, "ఆ రోజు హాల్లో నిజంగానే వెలుతురు బాగాలేదు," అని గొణిగి వంటింట్లోకి వెళ్లిపోయారు.

సంగతి తెలిశాక రెండు వైపుల చుట్టాలూ పోటీ పడ్డారు. అసలైన ఫోటోలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. భోజనాల దగ్గర అల్లుడి తల, మెట్ల మీద అల్లుడి తల, గుంపులో మిగతావాళ్లెవరినీ గుర్తుపట్టలేకపోయినా గుర్తుపట్టగలిగే అల్లుడి తల. తీర్పు తలకిందులైన సిగ్గుతో హైకోర్టు తన దగ్గరున్నవాటిల్లో అన్నిటికంటే మంచిది పంపింది. అందులో పెళ్లికూతురు పెళ్లికొడుకు నున్నటి నెత్తి మీద అరచెయ్యి వేసి ఉంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడిపోయేలా నవ్వుతున్నారు. అలాంటిది మాస్టారి ఆల్బంలో లేదు. ఆ చెయ్యి అడ్డం వచ్చి సర్దడానికి వీలుకాక తీసేశానని ఆయనే ఒప్పుకున్నారు. అల్లుడు దానికి ఎర్ర చీటీ అంటించి అన్నిటికంటే పైన పెట్టాడు.

ఇక మిగిలింది ఫారం మీద అంటించే చిన్న ఫోటో ఒక్కటే. "బయట తీయించుకుంటా మామయ్యా," అన్నాడు అల్లుడు. మధ్యాహ్నంనుంచీ మూల కుర్చీలో ముడుచుకుని కూచున్న మాస్టారు ఆ మాట విని, "అది కూడా బయట తీయిస్తే ఇక నేనెందుకున్నట్టు?" అన్నారు. ఆయన గొంతు విని ఇల్లాలికి జాలేసింది. ఈ కథలో ఆవిడ చేసిన రెండో పొరపాటు అది.

"కానివ్వండి. వెలుతురు జోలికి మాత్రం పోవద్దు," అంది. మాస్టారు బుద్ధిగా తల ఊపారు. ఫోటో తీశారు, ప్రింటు తీశారు, ఫారం మీద తనే అంటించి, ఫారం కవర్లో పెట్టి ఫైలు అడుగున భద్రంగా సర్దారు. అలసిపోయి ఎవరూ తీసి చూడలేదు.

మర్నాడు వీసా ఆఫీసుకు అందరూ వెళ్లారు. బోల్టులతో నేలకు బిగించిన కుర్చీల వరసలు, గోడ మీద మారుతున్న నంబర్లు, అద్దాల కౌంటర్లు. తోడొచ్చినవాళ్లు వెనక కూచున్నారు. కౌంటరు వెనక ఆఫీసరమ్మ ఇంచుమించు వాళ్లమ్మాయి వయసుది. మాటలు మైకులోంచి వస్తుండటంతో వెనక వరసకు కూడా వినపడుతున్నాయి. ఆవిడ ఎర్ర చీటీ ఉన్న ఫోటో చూసి చిన్నగా నవ్వింది. వెనక వరసలో ఇల్లాలు, వియ్యపురాలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆఫీసరమ్మ కాగితాలన్నీ తిప్పి, కవర్లోంచి ఫారం తీసింది. నవ్వు ఆగిపోయింది.

"ఈయనెవరు?" అని ఫారం అద్దానికి ఆనించి చూపించింది.

చిన్న ఫోటోలో అల్లుడు ఉన్నాడు. తల మీద జుట్టు కూడా ఉంది. ఈసారి అలలూ, గాలికి లేచిన పాయలూ లేవు. వయసుకు తగ్గట్టు, పొదుపుగా, పక్క పాపిడి. మాస్టారు తనను తాను ఎంత అదుపు చేసుకున్నారో ఆ పాపిడి చూస్తే తెలుస్తుంది.

"దరఖాస్తులోనే మార్చిన ఫోటో పెడితే, మిగతావి మార్చలేదని నేనెలా నమ్మాలి?" అంది ఆఫీసరమ్మ. "ఇది వెనక్కి పంపాల్సి ఉంటుంది. ఎవరు మార్చారు?"

వెనక్కి పంపితే ఏమవుతుందో అల్లుడికి తెలుసు. అయినా వెనక కుర్చీలో ఉన్న పెద్దాయన పేరు చెప్పడానికి నోరు రాలేదు. "నేనేనండి," అన్నాడు.

ఆఫీసరమ్మ పెన్ను తీసి ఫారం మీద ఏదో రాయబోయింది. వెనక వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచి, కౌంటరు దగ్గరికి వచ్చి, అల్లుణ్ని పక్కకు జరిపారు.

"అమ్మా, ఆ పని ఇతని వల్ల కాదు. ఇతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ పాపిడి చూడండి, చెయ్యి తిరిగినవాడు తప్ప అలా తీయలేడు."

"అయితే మీరు మార్చారా?"

"మార్చడమంటే... కాస్త వెలుతురు..."

కౌంటరు మీద ఎర్ర చీటీ ఫోటో పైకి తిరిగి ఉంది. మాస్టారు దాన్ని మొదటిసారి సరిగ్గా చూశారు. ఆ నెత్తి మీద లైటు పడి మెరుస్తోంది. ఆ మెరుపులో ఆయన కూతురు ముఖం చక్కగా కనపడుతోంది. అంతలా నవ్వుతున్న ఫోటో తన ఆల్బంలో ఒక్కటీ లేదు.

"వెలుతురు కాదమ్మా," అన్నారు మాస్టారు. "జుట్టు. పెళ్లి ఆల్బంలోనూ నేనే పెట్టాను. ఇందులోనూ, వద్దన్నా నేనే పెట్టాను. ఆ తల మా అమ్మాయికి నచ్చింది. నచ్చనిది నాకే. ఈ అబ్బాయి తప్పు రవ్వంత కూడా లేదు. తప్పు నాది."

మైకు ఉండటంతో ఆ మాట హాలంతా వినపడింది. ఆఫీసరమ్మ పెన్ను పక్కన పెట్టి, "ఫారానికి కొత్త ఫోటో నేనే తీసుకుంటాను," అని కౌంటరు మీదున్న చిన్న కెమెరా అల్లుడి వైపు తిప్పింది. లైటు నేరుగా నెత్తి మీద పడింది. తెర మీద తళుక్కున మెరిసింది. మాస్టారు చెయ్యి ఎత్తబోయి, జేబులో పెట్టుకున్నారు.

"పాస్‌పోర్టు ఇక్కడే ఉంచి వెళ్లండి, వీసా వేసి పంపిస్తాం," అంది ఆఫీసరమ్మ అల్లుడితో. తర్వాత ఒక తెల్లకాగితం అద్దం కిందనుంచి మాస్టారి వైపు తోసింది. "మీరిప్పుడు ఒప్పుకున్నది ఇందులో రాసి సంతకం పెట్టండి. ఫైల్లో జతచేయాలి."

ఇల్లాలు అప్పటికే కౌంటరు దగ్గరికి వచ్చేసింది. మైకు దగ్గరికి వంగి, మెల్లగా అంది. "రెండు కాపీలు రాయించుకోండమ్మా. ఒకటి మా ఇంటికి కావాలి."